మీ ప్రశ్నలు – మా జవాబులు: ధార సన్నబడితే తప్పు కుళాయిదేనా?

ఇంటి నీళ్ల గురించి ఏదైనా అడగండి అని పోయిన సంచికలో రాశాం కదా, ఉత్తరాలు బాగా వచ్చాయి. సగానికి పైగా ఒకే బాధ: నీళ్లు సరిగా రావడం లేదు, కుళాయి మార్చాం, అయినా తేడా లేదు. అందుకని ముందే ఒక మాట చెప్పేస్తాను. కుళాయి నీళ్లను ఆపుతుంది, వదులుతుంది, అంతే. నీళ్లను తోసేది కుళాయి కాదు. ఆ తోపు ఎక్కడ పుడుతోంది, దారిలో ఎక్కడ పోతోంది అని చూడకుండా కుళాయిలు మార్చుకుంటూ పోతే డబ్బు దండగ తప్ప నీళ్లు పెరగవు. ఇక ప్రశ్నల్లోకి వెళ్దాం.

ప్రశ్న: మాది రెండంతస్తుల ఇల్లు, పైన ట్యాంకు ఉంది. కింద నీళ్లు ధారగా వస్తాయి. పై అంతస్తు బాత్రూంలో మాత్రం షవర్ తిప్పితే కారినట్టే ఉంటుంది. ట్యాంకు చిన్నది కాబట్టే ఫోర్సు లేదు, పెద్దది పెట్టండి అని ప్లంబర్ అంటున్నాడు. నిజంగా పెరుగుతుందా అండీ?

పెరగదండీ. పెద్ద ట్యాంకు పెడితే నీళ్లు ఎక్కువసేపు వస్తాయి, ఎక్కువ ఫోర్సుతో రావు. ట్యాంకులో నీటిమట్టానికీ మీ షవర్‌కీ మధ్య నిలువు ఎత్తు ఎంత ఉంది అన్నదే ఒత్తిడికి లెక్క. ట్యాంకు 500 లీటర్లదైనా 5,000 లీటర్లదైనా నీటిమట్టం ఒకే ఎత్తులో ఉంటే కింద ఒత్తిడి ఒకటే. ఈ సంగతి సైమన్ స్టెవిన్ అనే గణితవేత్త 1586లోనే రాసి పెట్టాడు, అయినా పెద్ద ట్యాంకుకి పెద్ద ఫోర్సు అనే నమ్మకం మాత్రం ఇంకా పోలేదు.

లెక్క కష్టమేమీ కాదు. నిలువుగా 10 మీటర్ల నీళ్లుంటే ఒత్తిడి దాదాపు 1 బార్ (ఒత్తిడిని కొలిచే కొలమానం). అంటే ఒక్కో మీటరుకి బార్‌లో పదోవంతు. ఇప్పుడు మీ ఇల్లు చూద్దాం. ట్యాంకు నేరుగా స్లాబు మీదే కూర్చుని ఉంటే, పై అంతస్తు షవర్ స్లాబుకి మీటరు కిందే ఉంటుంది, దానికి ట్యాంకులో ఉన్న నీటి లోతు కలుపుకుంటే రెండు మీటర్లు వస్తుందేమో. అంటే 0.2 బార్. ట్యాంకు అడుగంటితే అందులో సగమే. కింది ఇంటి కుళాయికి మాత్రం ఇంకో మూడు నాలుగు మీటర్లు అదనంగా దొరుకుతాయి, అందుకే అక్కడ ధార బాగుంది. ఇక వెడల్పు షవర్లు చూడటానికి బాగుంటాయి గానీ, వాటికి మరింత ఒత్తిడి కావాలి. ట్యాంకు పక్కనే కదా, నీళ్లు బాగా రావాలి అని అందరూ అనుకుంటారు. నిజానికి ట్యాంకుకి దగ్గరగా ఉన్న అంతస్తుకే కష్టం ఎక్కువ.

ఇంకో సంగతి ఉంది, ఇది నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే దీన్ని కలగాపులగం చేసుకోవడం వల్లే సగం ఖర్చులు వృథా అవుతాయి. ఒత్తిడి వేరు, వచ్చే నీళ్లు వేరు. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నప్పుడు పైపు సన్నదైనా లావుదైనా లోపల ఒత్తిడి ఒకటే, ఎత్తు ఎంతో అంత. కుళాయి తిప్పి నీళ్లు కదలడం మొదలుపెట్టాకే పైపు గోడల రాపిడి, ఎల్బో మలుపులు, సగం మూసుకున్న గేటు వాల్వు, ఇవన్నీ ఆ ఒత్తిడిని తినేస్తాయి. పైపు వ్యాసం ప్రభావం ఇక్కడ చాలా ఎక్కువ: అర అంగుళం పైపు తీసేసి ముప్పావు అంగుళం వేస్తే, అదే ఎత్తుకి, అదే పొడవుకి రెండున్నర నుంచి మూడు రెట్లు నీళ్లు వస్తాయి. అందుకే ట్యాంకు నుంచి దిగే పైపు లావుగా ఉండాలి, కుళాయి దగ్గర చివరి అడుగు మాత్రమే సన్నగా ఉంటే పర్వాలేదు.

మీది ఏ సమస్యో కనుక్కోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. ఇంట్లో మిగతా కుళాయిలన్నీ కట్టేసి ఒక్క ఆ బాత్రూం కుళాయి తిప్పండి. ఒంటరిగా తిప్పినప్పుడు బాగా వచ్చి, వేరే కుళాయి ఎవరైనా తిప్పగానే సన్నబడితే ఇద్దరూ పంచుకుంటున్న పైపు చాలడం లేదన్నమాట. ఒంటరిగా తిప్పినా సన్నగానే వస్తే, షవర్ తల విప్పేసి చూడండి. విప్పగానే ధార బాగుంటే షవర్ రంధ్రాల్లో సున్నం పేరుకుంది, వెనిగర్‌లో కాసేపు నానబెట్టి బ్రష్‌తో రుద్దితే సరిపోతుంది. విప్పినా అంతేనంటే ట్యాంకు దగ్గరి గేటు వాల్వు పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడండి, చాలా ఇళ్లలో అది ఎప్పుడో మరమ్మతుకి మూసి సగమే తెరిచి వదిలేసి ఉంటుంది. పాత జీఐ పైపులైతే, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపులైతే, లోపల తుప్పు పేరుకుపోయి, బయటికి అర అంగుళం కనిపించేది లోపల పెన్సిల్ పట్టేంత కూడా ఉండకపోవచ్చు. నీళ్లు అప్పుడప్పుడు ఎర్రగా వస్తున్నాయా? అయితే ఇదే అనుమానించండి.

ఇవన్నీ చూశాక కూడా ఫోర్సు చాలకపోతే అప్పుడు రెండు దారులు: ట్యాంకును దిమ్మె కట్టించి లేపడం, లేదా పై బాత్రూం లైనుకి చిన్న ప్రెషర్ పంపు పెట్టడం. ట్యాంకు ఒకటిన్నర మీటర్లు లేపితే మీ షవర్‌కి ఒత్తిడి రెట్టింపు కంటే కాస్త తక్కువగా పెరుగుతుంది, దానికి కరెంటు అక్కర్లేదు, చెడిపోయేదేమీ ఉండదు. కాకపోతే 1,000 లీటర్లంటే ఒక టన్ను బరువు, కాబట్టి దిమ్మె ఎక్కడ కట్టాలో, కింద దూలం ఉందో లేదో తెలిసినవాళ్లను అడక్కుండా కట్టించొద్దు.

ప్రశ్న: వీధి కుళాయికి మోటారు ఉండదు కదా, మరి నీళ్లు వాటంతట అవే ఎలా వస్తాయి? అసలు ఎక్కడినుంచి వస్తాయి?

మోటారు ఉంటుంది, మీకు కనిపించే చోట ఉండదు. నది నుంచో చెరువు నుంచో బోర్ల నుంచో నీళ్లు తోడి శుద్ధి కేంద్రానికి పంపుతారు. అక్కడ పటిక కలుపుతారు, దాంతో నీళ్లలో తేలుతున్న సన్నటి మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి అడుగుకి దిగుతాయి. తేరిన నీళ్లను ఇసుక పొరల గుండా వడకడతారు. చివర్లో క్లోరిన్ కలుపుతారు. అక్కడినుంచి పెద్ద పంపులతో ఎత్తైన ట్యాంకుకి ఎక్కిస్తారు, ఇక ఇళ్లదాకా వచ్చే పని ఆ ఎత్తుదే. ఉదయం అందరూ ఒకేసారి కుళాయిలు తిప్పుతారు, అర్ధరాత్రి ఎవరూ తిప్పరు, పంపు మాత్రం రోజంతా ఒకే తీరుగా నడుస్తుంది. మధ్యలో తేడాను భరించేది ఆ ట్యాంకే. ఉదయం పూట వీధి చివరి ఇంట్లో ధార సన్నబడటం కూడా ఇందువల్లే, అందరూ తిప్పినప్పుడు పైపులో నీళ్ల వేగం పెరుగుతుంది, రాపిడి అంతకంటే ఎక్కువగా పెరుగుతుంది, చివరికి చేరేసరికి ఒత్తిడి మిగలదు.

ఈ ఏర్పాటు ఊరికే రాలేదు. లండన్‌లో జేమ్స్ సింప్సన్ అనే ఇంజనీరు 1829లో థేమ్స్ నీళ్లను ఇసుకతో వడకట్టి ఇళ్లకు పంపడం మొదలుపెట్టాడు. అదే లండన్‌లో 1854లో కలరా వచ్చినప్పుడు డాక్టర్ జాన్ స్నో ఇంటింటి వివరాలు సేకరించి, బ్రాడ్ స్ట్రీట్‌లో ఉన్న ఒక చేతిపంపు నీళ్ల దగ్గరే జబ్బు తిరుగుతోందని చూపించాడు, ఆ పంపు పిడి తీసేయించాడు. నీళ్లలోని సూక్ష్మజీవులే జబ్బు తెస్తాయని వైద్యులు ఇంకా ఒప్పుకోని రోజులవి. క్లోరిన్ తర్వాత వచ్చింది, అమెరికాలోని జెర్సీ సిటీలో 1908 నుంచి నీళ్లన్నిటికీ రోజూ క్లోరిన్ కలపడం మొదలైంది, ఆ తర్వాత చాలా నగరాలు అదే దారి పట్టాయి. కుళాయి తిప్పి భయం లేకుండా తాగగలగడం వెనక ఇంతమంది పని ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: మా కుళాయి నీళ్లు బ్లీచింగ్ వాసన వస్తాయి. పిల్లలకు తాగించాలంటే టెన్షన్‌గా ఉంది. ఆరోగ్యానికి ఏమైనా చేస్తుందా?

టెన్షన్ పడకండమ్మా. కొంచెం వాసన ఉండటమే మంచి లక్షణం. క్లోరిన్ శుద్ధి కేంద్రంలో పని చేసి ఊరుకోదు, కొంత మిగిలి పైపుల వెంట మీ ఇంటిదాకా రావాలి, దారిలో ఎక్కడైనా క్రిములు కలిస్తే వాటిని చంపాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం నీళ్లు ఇంటికి చేరేచోట కనీసం లీటరుకి 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. తాగే నీటిలో లీటరుకి 5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది అదే సంస్థ పెట్టిన హద్దు. చాలామందికి అంతకంటే చాలా తక్కువలోనే వాసన తెలిసిపోతుంది. వాసన నచ్చకపోతే వెడల్పు మూతి ఉన్న గిన్నెలో పట్టి, మీద పల్చటి గుడ్డ కప్పి కొన్ని గంటలు ఉంచండి, చాలావరకు పోతుంది. కానీ క్లోరిన్ పోయిన నీళ్లకు రక్షణ కూడా పోయినట్టే, వాటిని రోజుల తరబడి నిలవ పెట్టకూడదు. వాసన ఎప్పుడూ లేనంత ఘాటుగా, కళ్లు మండేలా వస్తే మాత్రం నీటి సరఫరా వాళ్లకు తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: వంటింటి కుళాయి బొట్లు బొట్లుగా కారుతోంది. గట్టిగా బిగిస్తే రెండు రోజులు ఆగుతుంది, మళ్లీ మొదలు. కుళాయి పాడైనట్టేనా?

కుళాయి బాగానే ఉంది, వాషర్ అరిగింది. గట్టిగా బిగించి మీరే దాన్ని ఇంకా త్వరగా అరగదీస్తున్నారు, దయచేసి ఆపండి.

పాతకాలం కుళాయి లోపల ఏముంటుందో చెప్తాను. మీరు తిప్పే పిడి కింద మరలున్న ఒక ఇత్తడి కడ్డీ ఉంటుంది, దాన్ని స్పిండిల్ అంటారు. స్పిండిల్ కింద చివర రబ్బరు వాషర్. నీళ్లు వచ్చే రంధ్రం చుట్టూ ఒక గుండ్రటి అంచు ఉంటుంది, అది సీటు. పిడి తిప్పితే స్పిండిల్ మరల మీద దిగి వాషర్‌ని సీటు మీద అదిమి రంధ్రం మూసేస్తుంది. ఇంగ్లండులోని రోథర్‌హామ్‌లో గెస్ట్ అండ్ క్రైమ్స్ అనే కంపెనీ 1845లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది, ఇప్పటికీ లోపల పెద్దగా మారలేదు. ఇందులో ఒక మంచి గుణం ఉంది, మరలు నెమ్మదిగా దిగుతాయి కాబట్టి నీళ్లు హఠాత్తుగా ఆగవు, దాని ఉపయోగం కింది ప్రశ్నలో చెప్తాను.

వాషర్ అరిగినప్పుడు, లేదా వాషర్‌కీ సీటుకీ మధ్య ఇసుక రేణువు ఇరుక్కున్నప్పుడు సన్నటి సందు మిగిలిపోతుంది, బొట్లు కారతాయి. బిగిస్తే మెత్తటి రబ్బరు నలిగి ఆ సందును కాసేపు మూస్తుంది. రోజూ అలా నలిపితే రబ్బరులో గాడి పడుతుంది. ఇంకా వదిలేస్తే ఆ సందులోంచి జోరుగా దూసుకెళ్లే నీళ్లు ఇత్తడి సీటునే కోసేస్తాయి, అప్పుడు కొత్త వాషర్ వేసినా కారడం ఆగదు, సీటును ప్రత్యేక పనిముట్టుతో నున్నగా చేయించాలి. కాబట్టి ఆలస్యం చేయొద్దు.

వాషర్ మార్చడం మీరే చేసుకోగలరు. ముందు ఆ లైను వాల్వు కట్టేయండి, కుళాయి తెరిచి పైపులో మిగిలిన నీళ్లు పోనివ్వండి. సింకు రంధ్రంలో గుడ్డ కుక్కండి, చిన్న స్క్రూ అందులో పడితే ఇక దొరకదు. పిడి మీది స్క్రూ తీసి, దాని కింద ఉన్న పెద్ద నట్టును స్పానర్‌తో అపసవ్యంగా తిప్పితే లోపలి భాగం మొత్తం బయటికి వస్తుంది. పాత వాషర్ పీకి, అదే కొలత కొత్తది పెట్టండి. బిగించే ముందు సీటు అంచు మీద వేలితో తడిమి చూడండి, గరుకుగానీ గాడిగానీ తగిలితే సమస్య అక్కడుంది. నీళ్లు మూతి నుంచి కాకుండా పిడి కిందనుంచి ఊరుతుంటే అది వాషర్ కాదు, స్పిండిల్ చుట్టూ నీళ్లు ఊరకుండా ఆపే ప్యాకింగ్ లేదా ఓ-రింగ్ (రబ్బరు వలయం) పోయింది.

మీ కుళాయి పావు చుట్టుకే పూర్తిగా తెరుచుకునే రకమైతే లోపల రబ్బరు వాషర్ ఉండదు. అద్దంలా నున్నగా చేసిన రెండు సిరామిక్ బిళ్లలు ఒకదానిమీద ఒకటి కూర్చుని ఉంటాయి, రెండింటికీ రంధ్రాలుంటాయి, పై బిళ్ల తిప్పితే రంధ్రాలు ఎదురెదురుగా వచ్చి నీళ్లు పోతాయి, పక్కకు తిప్పితే మూసుకుపోతాయి. వీటిని బిగించాల్సిన పనే లేదు, రెండు వేళ్లతో తిప్పితే చాలు. చాలా ఏళ్లు మన్నుతాయి గానీ ఇసుకంటే వీటికి పడదు, గీత పడితే లోపలి కార్ట్రిడ్జ్ మొత్తం మార్చాల్సిందే. అందుకే కొత్త పైపులు వేసినప్పుడు కుళాయిలు బిగించకముందే పైపుల్లో నీళ్లు ధారగా వదిలి చెత్త కడిగేయమని చెప్పేది.

సెకనుకి ఒక బొట్టు అంటే రోజుకి 86,400 బొట్లు. నాలుగు బొట్లకు ఒక మిల్లీలీటరు అనుకున్నా రోజుకి 20 లీటర్లు దాటుతుంది. నిండు బకెట్టు నీళ్లు, ఒక్క రబ్బరు ముక్క వల్ల.

ప్రశ్న: మా కుళాయి కట్టేసిన ప్రతిసారీ గోడలో దబ్‌మని చప్పుడు వస్తుంది. పైపు పగులుతుందేమోనని భయం.

భయం సబబే, దాన్ని వదిలేయకండి. పైపులో పరుగెడుతున్న నీళ్లకు బరువుంది, వేగముంది. కుళాయి టక్కున మూస్తే వెనకాల వస్తున్న నీళ్లన్నీ వచ్చి దానికి గుద్దుకుంటాయి. ఆ దెబ్బ ఒత్తిడి అలగా మారి, ఇనుప పైపులోనైతే సెకనుకి వెయ్యి మీటర్లకు పైగా వేగంతో ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. దీని లెక్క తేల్చింది నికొలాయ్ జుకోవ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త, మాస్కో నగరపు నీటి పైపుల మీద ప్రయోగాలు చేసి 1898లో ప్రచురించాడు. సెకనుకి ఒక మీటరు వేగంతో పోతున్న నీళ్లను ఒక్కసారిగా ఆపితే ఇనుప పైపులో ఒత్తిడి 12 బార్ దాకా ఎగబాకుతుంది. ప్లాస్టిక్ పైపు కొంచెం సాగుతుంది కాబట్టి అందులో దెబ్బ తక్కువ.

ముందుగా చేయాల్సింది కుళాయి నెమ్మదిగా మూయడం. పావు చుట్టు కుళాయిలు, వాషింగ్ మెషీన్ వాల్వులు టక్కున మూసుకుంటాయి కాబట్టి ఈ చప్పుడు వాటితోనే ఎక్కువ. పైపు గోడకు క్లాంపులతో గట్టిగా పట్టి ఉందో లేదో చూడండి, వదులుగా ఉన్న పైపు ఎగిరి గోడకు కొట్టుకుంటుంది. అప్పటికీ ఆగకపోతే దెబ్బ తినే చోట గాలి గది ఉన్న అరెస్టర్ బిగించమని ప్లంబర్‌ని అడగండి, గాలి నొక్కుకుపోయి ఆ దెబ్బను మింగేస్తుంది.

ప్రశ్న: గ్లాసులో పట్టిన నీళ్లు పాలలా తెల్లగా ఉంటున్నాయి. ఏదైనా మందు ఎక్కువైందా?

గాలి. ఒత్తిడిలో ఉన్నప్పుడు నీళ్లలో కరిగి ఉన్న గాలి, బయటికి రాగానే సన్నటి బుడగలుగా విడిపోతుంది. గ్లాసు కదపకుండా ఒకటి రెండు నిమిషాలు చూడండి: తెలుపు అడుగునుంచి మొదలై పైకి తేటపడితే గాలే, నిశ్చింతగా తాగొచ్చు. పైనుంచి తేటపడి అడుగున మడ్డి చేరితే అది మట్టి, అవి తాగొద్దు.

ప్రశ్న: అంకుల్, నేను ఏడో తరగతి. కుళాయి కొంచెం తిప్పితే ధార పైన లావుగా, కిందకి వచ్చేసరికి సన్నగా ఎందుకవుతుంది? నీళ్లు తగ్గిపోతాయా?

ఎంత బాగా గమనించావు నాన్నా! నీళ్లు ఒక్క చుక్క కూడా తగ్గవు. వేగం పెరుగుతుంది. పైన మూతి దగ్గర నీళ్లు సెకనుకి అర మీటరు వేగంతో బయలుదేరాయనుకో, భూమి లాగడం వల్ల 30 సెంటీమీటర్లు పడేసరికి వేగం దాదాపు రెండున్నర మీటర్లవుతుంది, అంటే ఐదు రెట్లు. ఒక సెకనులో పైనుంచి ఎన్ని నీళ్లు దిగాయో కిందినుంచీ అన్నే పోవాలి కదా. ఐదు రెట్లు వేగంగా పోతున్నప్పుడు ఐదోవంతు చోటు చాలు, అందుకే ధార సన్నబడుతుంది, వెడల్పు సగం కంటే తక్కువైపోతుంది. మరి విడిపోయి చెల్లాచెదరు కాకుండా ఎందుకు ఉంటుందంటే, నీటి పైపొర దాన్ని దగ్గరికి లాగి పట్టుకుంటుంది, దాన్ని తలతన్యత అంటారు. ఇంకా సన్నబడ్డాక ఆ తలతన్యతే ధారని తెంపి బొట్లుగా చేస్తుంది.

ఇంకో పరీక్ష చెయ్యి. బకెట్టులో ఒక గిన్నె బోర్లించి, చదునైన దాని అడుగు మీద ధార పడనివ్వు. ధార పడిన చోట చుట్టూ పల్చటి నున్నటి వలయం, దాని అంచున నీళ్లు హఠాత్తుగా లేచి నిలబడటం కనిపిస్తుంది. లోపల నీళ్లు వేగంగా పల్చగా పోతాయి, అంచు దగ్గర ఆ వేగం ఒక్కసారిగా తగ్గి మందంగా మారతాయి. కుళాయి ఎక్కువ తిప్పితే వలయం పెద్దదవుతుందా చిన్నదవుతుందా? చూసి నాకు రాయి. బకెట్టులో నీళ్లు మొక్కలకు పొయ్యి.

ప్రశ్న: మాకు నీళ్లు రోజుకి గంటే వస్తాయి. మొదట మురికిగా వస్తాయి, తర్వాత బాగుంటాయి. ధార చాలక లైనుకే మోటారు పెట్టి లాగుతున్నాం, అందరూ అదే చేస్తున్నారు. తప్పా?

తప్పేనండీ, కోపం తెచ్చుకోకండి, కారణం చెప్తాను. పైపు ఎప్పుడూ నిండుగా, ఒత్తిడితో ఉంటే చిన్న చిల్లు ఉన్నా నీళ్లు బయటికే పోతాయి, బయటిది లోపలికి రాలేదు. సరఫరా ఆగి పైపు ఖాళీ అయినప్పుడు ఈ లెక్క తిరగబడుతుంది. పైపు చుట్టూ మట్టిలో ఉన్న తేమ, పక్కనే మురుగు కాలవ ఉంటే దాని నీళ్లు, పగుళ్లలోంచి లోపలికి ఊరతాయి. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదట మీ కుళాయికి వచ్చేది అదే. అందుకే మొదటి నీళ్లు వేరే బకెట్టులో పట్టి కడుగుళ్లకు వాడండి, తేటపడ్డాకే తాగడానికి పట్టండి. తాగే నీళ్లు తెర్లేదాకా కాచి చల్లార్చుకోండి.

లైనుకి మోటారు పెట్టడమంటే, ఖాళీ పైపులో దానంతట అది జరిగేదాన్ని మీరు బలవంతంగా జరిపిస్తున్నట్టు. మోటారు లాగినప్పుడు పైపులో ఒత్తిడి బయటి గాలికంటే తక్కువకు పడిపోతుంది, ఏ పగులులోంచి ఏ మురుగు దొరికినా లోపలికి వస్తుంది. మీ ఇంటికే కాదు, మీ వీధి మొత్తానికి. పైగా మీరు లాగిన నీళ్లు పక్కింటివాళ్లవి, వాళ్లూ మోటారు పెడతారు, చివరికి ఎవరికీ నీళ్లు పెరగవు. దీనికి సరైన దారి, వీధి పైపు నుంచి నేలమట్టానికి కిందున్న సంపులోకి నీళ్లు వాటంతట అవి దిగేలా పెట్టుకోవడం. సంపు కిందుంటుంది కాబట్టి తక్కువ ఒత్తిడికి కూడా నిండుతుంది. అక్కడినుంచి మోటారుతో పైకి ఎక్కించుకోండి, అది ఎంత లాగినా మీ సంపు నీళ్లే లాగుతుంది. సంపు నిండగానే ఆగేందుకు ఫ్లోట్ వాల్వు పెట్టండి: నీటిమట్టంతో పాటు తేలే బంతి లేచి, దాని కడ్డీ వాల్వును మూసేస్తుంది. సంపు మూత వాన నీళ్లు, మురుగు చేరనంత గట్టిగా, నేలకి కాస్త ఎత్తులో ఉండాలి.

ఇదే కారణంతో ఇంకో అలవాటు మానండి: కుళాయికి తగిలించిన రబ్బరు పైపు చివర బట్టలు నానబెట్టిన బకెట్టులోనో, తొట్టిలోనో ముంచి వదిలేయడం. ఆ సమయంలో సరఫరా ఆగి పైపులో పీల్పు పుడితే ఆ సబ్బునీళ్లు మొత్తం తాగే నీటి పైపులోకి వెళ్లిపోతాయి. పైపు చివరకీ నీటిమట్టానికీ మధ్య బెత్తెడు ఖాళీ ఉంటే చాలు, గాలిని దాటి నీళ్లు వెనక్కి పోలేవు. సింకులో కుళాయి మూతి అంచు కంటే పైన ఉండేలా కట్టడం కూడా ఇందుకోసమే.

ప్రశ్న: ట్యాంకు కడిగి నింపాం. కింద నీళ్లు వస్తున్నాయి, పై బాత్రూంలో చుక్క రావడం లేదు. వాల్వులన్నీ తెరిచే ఉన్నాయి.

ఎయిర్ లాక్. ట్యాంకు ఖాళీ చేసినప్పుడు పైపుల్లోకి గాలి పోయింది. పైపు ఎక్కడో పైకి లేచి మళ్లీ దిగుతుంటే ఆ మలుపు నెత్తిన గాలి చిక్కుకుంటుంది, పై అంతస్తుకున్న ఒకటి రెండు మీటర్ల ఎత్తు ఆ గాలిని తోయలేదు. కింద ఎత్తు ఎక్కువ కాబట్టి అక్కడ తోసేసింది. పై బాత్రూంలో కుళాయిలన్నీ ఒకేసారి పూర్తిగా తెరిచి కాసేపు వదలండి. లాభం లేకపోతే, ప్రెషర్ ఉన్న శుభ్రమైన నీళ్ల రబ్బరు పైపును ఆ కుళాయి మూతికి గట్టిగా బిగించి కొన్ని సెకన్లు వెనక్కి తోయండి, గాలి ట్యాంకులోకి గుడగుడమంటూ వెళ్లిపోతుంది. అది పక్కన మనిషి ఉండి చేయాల్సిన పని, వెంటనే పైపు తీసేయండి. ప్రతిసారీ ఇలాగే అవుతుంటే ఆ మలుపు దగ్గర నిలువుగా ఒక గాలి గొట్టం పెట్టించండి, దాని పైచివర ట్యాంకు నీటిమట్టం కంటే ఎత్తులో ఉండాలి, లేకపోతే నీళ్లు పొంగిపోతాయి.

ప్రశ్న: గీజరు కుళాయి నుంచి వచ్చే వేడినీళ్లు వంటకు వాడితే గ్యాస్ కలిసొస్తుంది కదా?

వద్దమ్మా. వేడినీళ్లు చల్లనీళ్ల కంటే పైపుల్లోని, కుళాయిల్లోని లోహాన్ని ఎక్కువగా కరిగించుకుంటాయి, గీజరు అడుగున పేరుకున్న మడ్డి కూడా కొంత వస్తుంది. తాగడానికీ వంటకీ చల్లనీళ్ల కుళాయే వాడండి, ఉదయం అయితే రాత్రంతా పైపులో నిలవ ఉన్న మొదటి నీళ్లు గిన్నెలు కడగడానికి వదిలి తర్వాత పట్టుకోండి. గోరువెచ్చగా నిలవ ఉన్న నీళ్లలో, అంటే 20 నుంచి 45 డిగ్రీల మధ్య, ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, అందుకే నిలవ రకం గీజరు ఉష్ణోగ్రత 60 డిగ్రీల దగ్గర పెట్టమంటారు. ఆ వేడికి చర్మం కాలుతుంది, పిల్లలున్న ఇంట్లో వేడి, చల్లనీళ్లు కలిపే మిక్సర్ కుళాయిలో చల్లనీళ్ల వైపు ముందు తిప్పి, వేడివైపు తర్వాత కలపండి.